నడవని ఇంజను తాగిన మూడు లీటర్లు

ముప్పై నాలుగేళ్లు నేను బండ్ల కింద పడుకున్నాను. ఇంట్లో మంచం మీద పడుకున్నది అందులో సగం కూడా ఉండదని మా ఆవిడ వాదన. పోయిన ఏడాది నా మోకాళ్లు రెండూ ఒకే రోజు రాజీనామా ఇచ్చాయి. వాటిని ఒంటరిగా పంపడం బాగుండదని నేనూ ఇచ్చేశాను. వయసు యాభై ఆరు. తిరుపతి రేణిగుంట రోడ్డులో దొరస్వామి మేస్త్రి షెడ్డులో చేరిన చెంగల్రాయులు, అదే షెడ్డులో రిటైరయ్యాడు. మధ్యలో జరిగిందంతా ఆయిలు, గ్రీజు, తిట్లు.

ఈ మధ్య షెడ్లలో కొత్తగా చేరినవాళ్లు వచ్చి, "అన్నా, నువ్వు పని ఎట్లా నేర్సుకున్నావు?" అని అడుగుతున్నారు. తప్పులు చేసి నేర్చుకున్నాను. నా తప్పుల్ని వరుసగా పేరిస్తే తిరుపతి నుంచి పుత్తూరు దాకా వస్తాయి. చూడబోయేవాళ్లు మధ్యలో వడమాలపేటలో ఆగి కాఫీ తాగాలి. వాటన్నిటిలోకీ పెద్దదాన్ని, నేను గర్వంగా చెప్పుకునేదాన్ని ఇక్కడ రాస్తున్నాను. అది ఆయిల్ చూడడం గురించి.

ఆయిల్ చూడడం ఒక విద్యా అని నవ్వకండి. కడ్డీ లాగడం, తుడవడం, ముంచడం, మళ్లీ లాగి చూడడం. పిల్లి కూడా చేస్తుంది. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

గోడ మీది శాసనం

దొరస్వామి మేస్త్రికి కుడిచెవి సరిగ్గా వినపడదు. ఎడమచెవి మాత్రం అలిపిరి దగ్గర ఏ జీపు ఏ గేరులో మూలుగుతోందో రేణిగుంట రోడ్డులో కూర్చుని చెప్పేది. మీసం ఎంత గుబురంటే, అందులో ఒక వాషరు పోతే రెండు రోజులు వెతికామని షెడ్డులో చెప్పుకుంటారు. మేస్త్రి తన చేత్తోనే షెడ్డు గోడ మీద ఎర్ర రంగుతో, మూడడుగుల అక్షరాలతో ఒక మాట రాశాడు.

"సెల్ఫ్ కొట్టక ముందే ఆయిల్ చూడుము."

ఇది మా షెడ్డు మతం. పొద్దున్నే, ఎండ బానెట్టును తాకకముందే, లోపల ఉన్న ప్రతి బండికీ ఆయిల్ చూడాలి. చూసేముందు చేతులు కడుక్కోవాలి. చూశాక గేజి కడ్డీని మేస్త్రికి చూపించాలి. ఆయన తల ఆడించాకే టీ.

ఆ శాసనం ఊరికే పుట్టలేదు. మామూలు బండిలో ఇంజను కింద ఒక తొట్టి ఉంటుంది, మేం చాంబరు అంటాం. ఆయిలంతా దాంట్లోనే కాపురం. రాత్రంతా బండి నిలబడితే పైన అంటుకున్న ఆయిలు కూడా కిందికి దిగుతుంది. అందుకే చల్లని ఇంజనులో పొద్దున చూసిన కొలత నిజమైన కొలత.

ఒకసారి తమిళనాడు నుంచి కొండకు వెళ్లే వ్యాను ఒకటి బ్రేకులు చూపించుకోవడానికి మా షెడ్డులో ఆగింది. పొద్దున మేస్త్రి గేజి లాగాడు. కడ్డీ మీద ఆయిలు నల్లగా లేదు, పాలెక్కువ పోసిన కాఫీలా ఉంది. ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయన్నమాట. డ్రైవరు తాళాలు ఇమ్మన్నాడు. మేస్త్రి తాళాలను బనియన్‌లో వేసుకున్నాడు.

"దర్శనం టైము అయిపోతాది మేస్త్రీ," అన్నాడు డ్రైవరు.

"ఈ బండిలో పోతే నీకు దర్శనం ఘాట్ రోడ్డులోనే అవతాది అప్పా. ఆయనే ఎదురొస్తాడు," అన్నాడు మేస్త్రి.

వాళ్లు బస్సులో కొండకు వెళ్లి, గుండ్లు చేయించుకుని తిరిగొచ్చేసరికి ఇంజను హెడ్డు విప్పి ఉంది. గాస్కెట్టు మధ్యలో వేలు పట్టేంత చీలిక. పద్నాలుగు గుండ్లు ఒకేసారి మేస్త్రికి దండం పెట్టాయి. ఆ వెలుగుకు నేను కళ్లు మూసుకున్నాను.

ఆ రోజు నుంచి గోడ మీది మాటను నేను వేదంగా పట్టుకున్నాను. చెప్పొచ్చేదేమిటంటే, నన్ను ముంచింది మేస్త్రి తప్పుడు మాట కాదు, ఆయన సరైన మాటే. ఇది గుర్తుపెట్టుకోండి.

కప్ప దిగింది

చిత్తూరులో వకుళ మేడమ్ అని కంటి డాక్టరు. మేస్త్రి ఆవిడ కార్లను పాతికేళ్లుగా చూస్తున్నాడు. పదేళ్ల కిందట ఆవిడ ఆసుపత్రి మానేసిన నెలలోనే చెన్నైలో ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నది. చిన్నప్పుడు పత్రికలో బొమ్మ చూసి కత్తిరించి లెక్కల పుస్తకంలో దాచుకున్నదట, ఆ కారే. బంధువులందరూ ఆవిడకు మతి పోయిందన్నారు. ఆవిడ వాళ్ల కళ్లు పరీక్ష చేసి పంపేసింది.

మంగళవారం లారీ మీద వచ్చింది ఆ కారు. పచ్చరంగు, నేలకు అతుక్కుని, కళ్లు పైకి పెట్టుకుని, ఎగరడానికి సిద్ధంగా ఉన్న కప్పలా ఉంది. ఇంజను వెనక ఉంది. దాని పక్కన ఒక మూత, లోపల ఒక గేజి కడ్డీ.

ఆ కారుకున్న గొప్పతనం ఒక్కటే, కానీ అది కొండంత గొప్పతనం. కంపెనీలో బిగించినప్పటి నుంచి ఆ ఇంజనును ఎవరూ విప్పలేదు. నట్ల మీద కంపెనీ పెట్టిన పసుపు రంగు చుక్కలు చెక్కుచెదరలేదు. ఆదివారం బెంగళూరులో పాత కార్ల మేళా ఉంది. అందులో విప్పని ఇంజన్లకు వేరే వరుస. ఆ వరుసలో తన కారును తనే నడుపుకుంటూ వెళ్లి నిలబెట్టాలని మేడమ్ కోరిక.

"దొరస్వామీ, దీన్ని నీకు ఒప్పజెప్తాండాను. ఒక్క నట్టు కూడా తిప్పేది లేదు. ఆయిలు, గాలి చూడండి, చాలు," అన్నది మేడమ్.

"తిప్పితే నా చెయ్యి తిప్పుకుంటాను తల్లీ," అన్నాడు మేస్త్రి.

కానీ కారును స్టార్ట్ చేయలేదు. మంగళవారం కొత్త బండికి సెల్ఫ్ కొట్టకూడదన్నది మా షెడ్డు రెండో మతం. బుధవారం మేడమ్‌కు పడదు. గురువారం మేస్త్రికి పడదు. శుక్రవారం పూజ అయ్యాకే ఇంజను పలకాలి. లారీ మీద నుంచి దించి, నలుగురం తోసుకుంటూ లోపల పెట్టాం.

బుధవారం పొద్దున చేతులు కడుక్కుని నేను గేజి లాగాను. కింది గీతకు కూడా ఆయిలు అందలేదు. మేస్త్రికి చూపించాను.

"మెడ్రాసోళ్లు ఆయిలు కూడా పోయకుండా పంపినారు సూడు. లీటరు పొయ్," అన్నాడు.

పోశాను. గురువారం పొద్దున మళ్లీ కింది గీతకు తక్కువ. మేస్త్రి మెడ్రాసును ఇంకొంచెం తిట్టాడు. ఇంకో లీటరు పోశాను. శుక్రవారం పొద్దున మళ్లీ అంతే. ముహూర్తం దగ్గర పడుతోంది, తిట్టడానికి కూడా టైము లేదు. మూడో లీటరు పోశాను. ప్రపంచంలో నా అంత క్రమశిక్షణ గల మెకానిక్కు లేడని ఆ పొద్దున నేను నిజంగా నమ్మాను.

నిమ్మకాయల ముహూర్తం

శుక్రవారం పూజకు రోడ్డంతా వచ్చింది. టైర్ల షాపువాళ్లు, రేడియేటరు వెల్డింగు ఆయన, ఇడ్లీబండి అమ్మ, అందరూ. కారుకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. మేస్త్రి గుమ్మడికాయను ఎంత ఎత్తు నుంచి కొట్టాడంటే ఒక ముక్క కరెంటు తీగ మీద కూర్చుంది.

మేడమ్ చెప్పులు విడిచి లోపల కూర్చుంది. కర్పూరం కళ్లకద్దుకుని సెల్ఫ్ కొట్టింది. ఇంజను దగ్గింది, గొణిగింది, పలికింది. అందరం చప్పట్లు కొట్టాం.

మూడో చప్పట్లకు నా చేతులు నాకే కనపడలేదు.

వెనక గొట్టంలోంచి నీలం పొగ వచ్చింది. వచ్చిందంటే సరిపోదు. షెడ్డు నిండింది, రోడ్డు నిండింది, ఇడ్లీబండి నిండింది. రేణిగుంటలో దిగబోయిన విమానం ఒక చుట్టు ఎక్కువ తిరిగిందని ఆ సాయంత్రం చెప్పుకున్నారు. నేను కాదనలేదు. పొగలోంచి మేస్త్రి గొంతు వినపడింది.

"ఆపు తల్లీ, ఆపు. స్వామి వచ్చినట్టుండాడు."

"నాన్నా, కండ్లు మండతాండాయి," అని ఎవరో ఏడుస్తున్నారు. తర్వాత తెలిసింది, అది రేడియేటరు ఆయన, నాకంటే పదేళ్లు పెద్ద.

ఆ రోజు ఇంకో రెండుసార్లు స్టార్ట్ చేశాం. రెండుసార్లూ నిమిషంలోనే ఆపేశాం, రోడ్డువాళ్లు బతకనివ్వలేదు. చాలా రోజులు నిలబడ్డ బండి కదా, సర్దుకుంటుందిలే అన్నాడు మేస్త్రి. కానీ మీసం కిందికి వాలిపోయింది.  

మూడు డబ్బాలు

శనివారం పొద్దున బెంగళూరు నుంచి నాగేష్ అని ఒకాయన వచ్చాడు. మేళావాళ్లు పంపిన నిపుణుడు. కారును పరీక్ష చేసి, విప్పని ఇంజను అని తేలితే అద్దానికి గుండ్రటి బిళ్ల అతికిస్తాడు. ఆయన చొక్కా ఎంత తెల్లగా ఉందంటే మా షెడ్డులోకి రావడానికి ఆ చొక్కాకే భయమేసి ఉంటుంది.

పసుపు చుక్కలు చూశాడు, మెచ్చుకున్నాడు. స్టార్ట్ చేయమన్నాడు. చొక్కా నీలమైంది.

"పిస్టన్ రింగులు పోయినాయి మేడమ్, ఆయిలు లోపలే కాలిపోతా ఉంది," అన్నాడు దగ్గుతూ. "ఇంజన్ దించల్ల. మా వర్క్‌షాపుకు లారీ మీద పంపించేసేది ఒకటే దారి. బిళ్ల ఇంక లేదు, సారీ."

మేడమ్ కళ్లద్దాలు తీసి, చీరకొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నది. ఆ కొంచెంసేపట్లో ఆవిడ ముఖం చూడలేక నేను నేల చూశాను.

"నేను ముప్పై ఏండ్లు కండ్లు కోసినాను నాగేష్. కొయ్యకుండా బాగయ్యే కన్ను ఒక్కటి కూడా కొయ్యలేదు," అన్నది. "ఇంకో దారి లేదని నీకు గట్టిగా తెలుసా?"

"ఇంత పొగ వస్తే ఏం డౌటు మేడమ్. ఈడ ఏమన్నా చేసినారేమో, అది వాళ్లని అడగండి."

అందరూ మేస్త్రి వైపు తిరిగారు. ఆయన జీవితంలో మొదటిసారి రెండు చెవులూ వినపడనట్టు నిలబడ్డాడు.

నేను ఇంకా నేలే చూస్తున్నాను. అక్కడ మా షెడ్డు అలవాటు ఒకటి నా కళ్లబడింది. ఆయిల్ డబ్బా ఖాళీ అయితే మేస్త్రి పారేయనివ్వడు. గరాటులో తలకిందులుగా నిలబెట్టాలి, ఆఖరి చుక్కలు కింది సీసాలోకి దిగుతాయి. వాటిని తలుపు బందులకు వాడతాం. గోడవారగా మూడు గరాటుల్లో మూడు లీటరు డబ్బాలు శీర్షాసనం వేసి నన్ను చూస్తున్నాయి.

మూడు లీటర్లు. కారు కింద నేల మీద చుక్క లేదు. మూడు రోజుల్లో ఇంజను ఒక్క చుట్టు కూడా తిరగలేదు. తిరగని ఇంజను ఆయిలు కాల్చదు, కారకపోతే ఎక్కడికీ పోదు. అలాంటప్పుడు నేను రోజుకో లీటరు పోసింది ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. లోపలే ఉంది. నేను చూడనిచోట ఉంది.

"మేడమ్," అన్నాను.  "ఈ కారుకు పుస్తకం ఏమన్నా ఇచ్చినారా?"

ముందు అరలోంచి ఆవిడ పుస్తకం తీసింది. ఆయిల్ పేజీ వెతికి, ఇంగ్లీషులో మనసులో చదివి, తెలుగులో గట్టిగా చెప్పింది.

"ఇంజను బాగా కాగినాక చూడాల. సమంగా ఉండే చోట నిలపాల. ఇంజను ఆపకుండా, స్లోలో తిరుగుతా ఉన్నప్పుడే కడ్డీ చూడాల. చల్లగా ఉన్నప్పుడు చూస్తే కొలత తప్పు వస్తాది, దాన్ని నమ్మి ఆయిలు పోయవద్దు."

ఆ ఆఖరి మాట పుస్తకంలో నల్లటి లావు అక్షరాల్లో ఉంది. మా గోడ మీది అక్షరాలంత లావు కాదు కానీ, నా కంటికి అంతకంటే పెద్దగా కనపడ్డాయి.

అప్పుడు అర్థమైంది. ఇలాంటి కారులో చాంబరు పేరుకే. మలుపుల్లో వేగంగా తిరిగేటప్పుడు ఆయిలు ఒక పక్కకు ఒరిగిపోయి పంపుకు అందదు, బేరింగులు కాలిపోతాయి. అలా జరగకుండా ఆయిల్‌కు వేరే ట్యాంకు పెడతారు. ఇంజను తిరిగినంతసేపూ ఒక పంపు అడుగున చేరిన ఆయిల్‌ను తోడి ట్యాంకులో పోస్తుంది, ఇంకో పంపు ట్యాంకులోంచి ఇంజనుకు అందిస్తుంది. ఇంజను ఆపి రోజుల తరబడి వదిలేస్తే ట్యాంకులో ఆయిలు మెల్లగా జారి ఇంజను అడుగుకు చేరుతుంది. నేను గేజి ముంచింది ట్యాంకులో. చుట్టాలందరూ భోజనానికి వంటింట్లోకి వెళ్లినప్పుడు వసారాలో తలలు లెక్కపెట్టి, మనుషులు తగ్గారని ఊరి నుంచి ఇంకో బస్సు చుట్టాల్ని రప్పించాను. మూడు రోజులు, మూడు బస్సులు. పట్టక పొర్లిన ఆయిలు ఇంజను గాలి పీల్చే దారిలోకి పోయి, కాలి, నీలం పొగైంది.

"ఇంజను బాగుండాది మేడమ్," అన్నాను. "రింగులూ బాగుండాయి. నేను మూడు లీటర్లు ఎక్కువ పోసినాను. తప్పు నాది."

 

"వాడు పోసినాడు, నిజమే. పొయ్యమన్నది నేను," అన్నాడు మేస్త్రి. చేత్తో గోడ చూపించాడు. "ఆ రాసింది నేను. తిట్టేదుంటే నన్ను తిట్టు తల్లీ."

నా మొత్తం ఉద్యోగంలో నేను చూసిన మేస్త్రుల్లో చాలామంది తప్పును కిందివాడి నెత్తిన రుద్దడంలో నిపుణులు. ఆ పనికి నేనూ ఒకటి రెండుసార్లు పాల్పడ్డాను. మీకు పని నేర్పేవాడు మంచి మెకానిక్కా కాదా అని తర్వాత చూసుకోండి. ముందు, జనంలో ఆ మాట అనగలడా లేదా చూడండి.

నాగేష్ చేతులు కట్టుకున్నాడు. "మూడు లీటర్లు తీసేస్తే పొగ ఆగుతుందా? నాకు నమ్మకం లేదు."

"మధ్యాహ్నం దాకా టైమియ్యి," అన్నది మేడమ్. "ఆగకపోతే లారీ పిలుద్దాం. నేనే పిలుస్తాను."

కాటా మీద కారు

సమంగా ఉండే చోటు కావాలి. మా షెడ్డు నేల నీళ్లు పోవడానికి వాటంగా కట్టింది. మేస్త్రి ఒక పెద్ద బేరింగు గోలీ తీసి నేల మీద పెట్టాడు. అది పరుగెత్తి కాలవలో పడింది. రోడ్డు మీద పెట్టాడు, ఇడ్లీబండి కిందికి పోయింది. తిరుపతిలో ఏ నేల మీద ఏది పెట్టినా కొండ నుంచి దూరంగా దొర్లుతుందని ఆ రోజు కనిపెట్టాం.

"కాటా," అన్నాడు మేస్త్రి ఉన్నట్టుండి.

మా రోడ్డు చివర లారీలు తూచే కాటా ఉంది. ఇనుప పలక, తాపీమేస్త్రీలు మట్టం చూసి వేసింది. గోలీ పెట్టాం. గోలీ ధ్యానంలో కూర్చుంది.

ముందు ఇంజను కాగాలి. మేడమ్ నడిపింది, పక్కన నేను. చంద్రగిరి కోట దాకా వెళ్లి తిరిగొచ్చాం. దారి పొడవునా మా వెనక నీలం తోక. కోట చూడవచ్చినవాళ్లు మమ్మల్ని ఫోటోలు తీశారు, కోటను మరిచిపోయారు.

కాటా మీద కారు నిలిపాం. వెనక కంకర లారీలు ఆరు ఆగాయి. మొదటి లారీ డ్రైవరు దిగి వచ్చాడు.

"ఏమన్నా, కప్పను తూస్తాండారా?"

"ఆయిలు చూస్తాండాము అప్పా," అన్నాను.

"ఇంజను ఆపకుండానా? నీకు పని ఎవురు నేర్పినారు?"

"నేనే," అన్నాడు మేస్త్రి. "నిన్నటిదాకా తప్పు నేర్పినాను."

ఇంజను స్లోలో తిరుగుతుండగా గేజి లాగాను. తుడిచి ముంచి మళ్లీ లాగాను. ఆయిలు పైగీతను దాటి, కడ్డీని దాటి, దాదాపు నా వేళ్ల దాకా వచ్చింది. నా గుండె కుదుటపడింది. ఆయిలు అంత ఎక్కువ చూసి సంతోషించిన మెకానిక్కు నాకు ముందు లేడు, వెనకా లేడు.

ఇంజను ఆపి ట్యాంకు కింది నట్టు వదులు చేశాను. పుస్తకం తిప్పమన్న నట్టు అదొక్కటే, పసుపు చుక్క లేనిది. కాగిన ఆయిలు నా మోచేతికి అభిషేకం చేసింది. లీటరున్నర పట్టి, బిగించి, స్టార్ట్ చేసి చూశాం. ఇంకా ఎక్కువే. ఇంకో లీటరు. మళ్లీ చూశాం. ఒక అగ్గిపుల్ల ఎత్తు ఎక్కువ. ఇంకొంచెం తీశాం. తీసిన ప్రతిసారీ స్టార్ట్ చేయడం, ఆగడం, చూడడం. తొందరపడి ఒకేసారి తీసేసి ఉంటే మళ్లీ పోయాల్సి వచ్చేది. పోసే చేతి మీద నాకప్పటికే నమ్మకం పోయింది.

నాలుగోసారి ఆయిలు రెండు గీతల మధ్య కూర్చుంది.

తీసిన ఆయిల్‌ను మేస్త్రి అవే మూడు డబ్బాల్లో పోశాడు. రెండు డబ్బాలు నిండాయి. మూడోది ఒక కాఫీ గ్లాసు తక్కువ.

"ఈ తక్కువది యాడికి పోయుండాది?" అన్నాడు లారీ డ్రైవరు. అప్పటికి ఆయన మా మనిషైపోయాడు.

"నిన్నట్నుంచి నువ్వు పీలుస్తాండేది అదే," అన్నాడు మేస్త్రి.

గాలి పీల్చే డబ్బాలో చేరిన ఆయిలంతా బనియన్ వేస్టుతో, అంటే మేం తుడుచుకునే పాత గుడ్డపీలికలతో, తుడిచాను. మళ్లీ చంద్రగిరి. వెళ్లేటప్పుడు తోక సగమైంది. కోట దగ్గర పిలకంత అయింది. తిరిగొచ్చేటప్పుడు అద్దంలో చూస్తే వెనక రోడ్డు కనపడింది, రోడ్డు మీద గేదె కనపడింది, గేదె ముఖంలో ఆశ్చర్యం కూడా కనపడింది.

కాటా దగ్గర నాగేష్ జేబులోంచి తెల్ల రుమాలు తీసి వెనక గొట్టానికి అడ్డం పట్టాడు. మేడమ్ ఇంజనును రేస్ చేసింది. ఒకసారి, రెండుసార్లు. రుమాలు తిప్పి చూశాడు. నాకు చూపించాడు. తెల్లగానే ఉంది. మెల్లగా బ్యాగు తెరిచి గుండ్రటి బిళ్ల తీశాడు.

ఆరు లారీలు ఒకేసారి హారన్ కొట్టాయి. ఆ మోతకు కాటా ముల్లు కదిలిందని నేను ఇప్పటికీ సాక్ష్యం చెప్తాను.

మొగిలి ఘాట్

ఆదివారం మేడమ్ స్టీరింగు పట్టింది, నేను పక్కన. మేస్త్రి వెనక సీట్లో. ఆ సీటు కొబ్బరికాయ పెట్టుకోవడానికి చేసింది. ఆయన నాలుగు మడతలై కూర్చున్నాడు, ఇంజను ఆయన వీపుకు ఆనుకుని ఉంది. చిత్తూరు దాటి మొగిలి ఘాట్ ఎక్కుతుంటే మలుపు మలుపుకూ కారు నేలను కరుచుకుని తిరిగింది. ఇంజను గొంతు ఎక్కడా మారలేదు.

"ఏం దొరస్వామీ, ఎట్లుండాది?" అన్నది మేడమ్.

"నా వీపుతో మాట్లాడతాండాది తల్లీ. సంతోషంగా ఉండానంటాది."

పలమనేరులో టీ కొట్టు ముందు గోలీ పెట్టి సమంగా ఉన్న చోటు చూసుకున్నాం. ఇంజను ఆపకుండా మేడమే దిగి, వేస్టు తీసుకుని, గేజి లాగి తుడిచి ముంచింది. ఆపరేషన్ చేసిన కన్నుకు కట్టు విప్పినంత జాగ్రత్తగా కడ్డీని వెలుతురుకు పెట్టింది. రెండు గీతల మధ్య, నిన్న ఉన్నచోటే. టీ కొట్టువాణ్ణి పిలిచి, నా టీలో ఇంకో చెంచా చక్కెర వేయమన్నది.

బెంగళూరులో విప్పని ఇంజన్ల వరుసలో ఆ పచ్చకప్ప నిలబడింది. మేళా అంతా దాన్నే చూసిందని నేను రాస్తాను. పక్కన ఉన్న ఎర్ర కారువాళ్లు వేరేగా చెప్తే నమ్మకండి. మధ్యాహ్నం నాగేష్ నన్ను పక్కకు పిలిచి, చల్లగా ఉన్నప్పుడు చూస్తే మోసం చేసే కార్ల జాబితా తన నోటుబుక్కులో రాసుకున్నానని చెప్పాడు. పై వరుసలో నా పేరు రాశాడట. కారు పేరు ఉండాల్సిన చోట.

మరుసటి శుక్రవారం మేస్త్రి ఎర్ర రంగు డబ్బా తెచ్చి నిచ్చెనెక్కాడు. గోడ మీది మాట చెరిపేస్తాడేమోనని కింద నిలబడి చూశాను. చెరపలేదు. దాని కింద చిన్న అక్షరాలతో ఇంకో వరుస రాశాడు: "పుస్తకం చూసినాక."

ఇప్పుడు షెడ్డుల్లో చేరేవాళ్లకు నేను చెప్పేదీ అదే. ఇంజను తిరుగుతుండగా చూడమన్నారు కదా అని దీన్ని కొత్త శాసనం చేసుకోకండి. ట్యాంకు వేరేగా ఉన్న కార్లలోనే కొన్నిటికి ఇంజను ఆపి, కొద్ది నిమిషాల్లో చూడాలి. కొన్నిటికి కడ్డీయే లేదు, తెర మీద అంకె వస్తుంది. ఒక్కో కారుది ఒక్కో పద్ధతి. తక్కువైతే రవ్వంత పోసి, తిప్పి, మళ్లీ చూడండి. నడవని ఇంజను ఆయిలు తాగినట్టు కనపడితే మాత్రం డబ్బా కింద పెట్టేయండి.

ఆఖరి కొలత

పోయిన ఏడాది షెడ్డులో నాకు శాలువా కప్పారు. లారీ డ్రైవర్లు వచ్చారు, రేడియేటరు ఆయన వచ్చాడు, ఇడ్లీబండి అమ్మ ఉచితంగా ఇడ్లీ పెట్టింది. ఇది కూడా అతిశయోక్తే అనుకుంటారని తెలుసు, కానీ నిజం. మేస్త్రికి ఎనభై దాటాయి, కుర్చీలో కూర్చోబెట్టారు.

వకుళ మేడమ్ చిత్తూరు నుంచి తనే నడుపుకుంటూ వచ్చింది. కారును షెడ్డులోకి తేలేదు. కాటా మీద నిలిపి కబురు పంపింది. అందరం అక్కడికే వెళ్లాం, మేస్త్రిని కుర్చీతో సహా మోసుకుపోయాం. ఇంజను స్లోలో తిరుగుతోంది. పసుపు చుక్కలు ఒక్కటి కూడా చెదరలేదు.

"ఆఖరుసారి నువ్వు చూడు చెంగల్రాయా," అని మేడమ్ వేస్టు నా చేతికిచ్చింది.

మోకాళ్లు వద్దంటున్నా వంగాను. లాగాను, తుడిచాను, ముంచాను, లాగాను. కడ్డీని పైకెత్తి చుట్టూ అందరికీ చూపించాను. రెండు గీతలకూ సరిగ్గా మధ్య. జనం చప్పట్లు కొట్టారు. ఈసారి నా చేతులు నాకు కనపడ్డాయి.

కడ్డీని మేస్త్రి ముందుకు తీసుకెళ్లాను, పాత అలవాటు. ఆయన తల ఆడిస్తేనే టీ. ఆయన కళ్లు చికిలించి, కడ్డీని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"రవ్వంత తక్కువ మాదిరి ఉండాదే," అన్నాడు. "ఒక సుక్క పోద్దామా?"

మేడమ్ నా ముఖం చూసింది. నేను ఆయన కుర్చీ పక్కన ఉన్న ఆయిల్ డబ్బా తీసుకుని, శాలువా కింద దాచేశాను.